జీవితాంతం చెరగని పథకం

"ఇకమీదట ఈ దేశంలో ఏ పిల్లా, ఏ పిల్లాడూ చిరిగిన కాగితాలతో ఇల్లు దాటరు!" అని యువజన ప్రస్థాన సన్నాహక శాఖ ఉపమంత్రి డాక్టర్ రోములో ఇబాన్యెజ్ గారు ప్రకటించారు. మోటార్ సైకిల్‌కి కట్టిన మైకులోంచి ఆ ప్రకటన ప్వెర్తో ఒనోఫ్రే సందులన్నీ తిరిగింది. అలాంటి శాఖ ఒకటుందని ఊళ్లో ఎవరికీ అప్పటిదాకా తెలీదు. ప్రభుత్వం ఎంత నిశ్శబ్దంగా సేవ చేస్తుందో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం ఏం కావాలి?

మోటార్ సైకిల్ నడిపినవాడు పార్టీ ఊరి కార్యదర్శి ఎలియోదోరో. సభ ఎవరిదైనా కుర్చీలు తెచ్చి వేసేది ఆయనే, అయ్యాక అద్దె కొట్టుకి మోసేదీ ఆయనే. రేవులో కాపలా ఉద్యోగం ఇప్పిస్తామని పార్టీ ఆయనకి ఏళ్ల తరబడి మాటిస్తూనే ఉంది. మాటివ్వడానికి పార్టీ ఏనాడూ వెనకాడలేదు.

పథకం గొప్పదే, కాదనకూడదు. మామోరే నది పొంగినప్పుడల్లా ఊరిజనం ముందు కోళ్లని, తర్వాత కాగితాలని అటకెక్కిస్తారు. బడి చదువు ముగించుకుని పిల్లలు పైచదువులకి సాంతా క్రూజ్ నగరం బయల్దేరే వేళకి ఒకరి బర్త్ సర్టిఫికెట్‌కి బూజు, ఇంకొకరి డిప్లొమాకి చెదలు. ఇన్ని రోగాలకీ ఉపమంత్రిగారు ఒకే మందు కనిపెట్టారు. లామినేషన్! పిల్లల ఒరిజినల్స్ అన్నిటికీ ఉచితంగా ప్లాస్టిక్ వేస్తారు. పైన మూలన ఉపమంత్రిగారు నవ్వుతున్న స్టిక్కరు అంటిస్తారు. ఈ మేలు ఎవరు చేశారో పిల్లలు మరిచిపోకూడదు కదా.

ఎలియోదోరో కూతురు జుల్మాకి సాంతా క్రూజ్‌లో నర్సింగ్ సీటొచ్చింది. వాళ్ల సందులో అంత చదువు చదవబోయేది ఆ పిల్లే. శుక్రవారంలోగా ఒరిజినల్స్ చూపించి చేరాలి. వాటిని తల్లి ఎర్లిండా పాలపొడి డబ్బాలో పెట్టి, దూలానికి వేలాడదీసి కాపాడుకొచ్చింది.

"నాన్నా, నావి వద్దు," అంది జుల్మా.

"ఏం, ఎందుకు?"

"చేర్చుకునేటప్పుడు డిప్లొమా వెనక కాలేజీవాళ్లు స్టాంపు వేస్తారట. ప్లాస్టిక్ మీద స్టాంపు నిలుస్తుందా?"

"ఆ మాత్రం ఉపమంత్రిగారికి తెలీదనుకున్నావా? డాక్టరాయన!"

"దేనికి డాక్టరు?"

"డాక్టరంటే డాక్టరే! కార్యదర్శి కూతురే రాకపోతే రేపు నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పోనీ, పిల్ల చెప్పేది ఒకసారి వినరాదూ?" అంది ఎర్లిండా.

"తల్లీకూతుళ్లు కలిసి నా ఉద్యోగం నీళ్లలో కలిపేలా ఉన్నారు," అని ఎలియోదోరో డబ్బా దింపాడు.

ఆదివారం బడి ఆటస్థలంలో బ్యాండు మోగింది. చింతపండు రసం పంచారు. కరెంటు పోయింది. జెనరేటర్ వచ్చేదాకా ఉపమంత్రిగారు విద్యుత్ రంగంలో సాధించిన ప్రగతి గురించి మాట్లాడారు. లామినేషన్ యంత్రం వేడెక్కగానే కోటు జేబులోంచి ఓ కాగితం తీసి పైకెత్తి చూపించారు.

"ఇది నా బర్త్ సర్టిఫికెట్! మీ పిల్లలకి ఒక న్యాయం, నాకో న్యాయమా? ముందు నాది!"

జనం చప్పట్లు కొట్టారు. ఎలియోదోరోకి కళ్లు చెమ్మగిల్లాయి. నాయకుడంటే ఇలా ఉండాలనుకున్నాడు.

తర్వాత జుల్మా వంతు. ఆ పిల్ల కాగితాలు ఇవ్వకుండా మైకు దగ్గరే అడిగేసింది. "సార్, మరి స్టాంపు ఎక్కడ వేస్తారు?"

ఎలియోదోరో గబగబా మైకుకి చెయ్యి అడ్డం పెట్టబోయాడు. ఉపమంత్రిగారు మాత్రం ఆప్యాయంగా ఆమె భుజం తట్టారు.

"ఎంత చక్కటి ప్రశ్న! ఇలా ప్రశ్నించే యువత ఉన్నంత కాలం ఈ దేశానికి ఢోకా లేదు. తర్వాత ఎవరమ్మా?"

ఆ ప్రశ్నకి జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు. ఆ సందట్లో ఎలియోదోరో కూతురి చేతిలోంచి కాగితాలు లాక్కుని తనే యంత్రంలో పెట్టాడు. అవతలి వైపు నుంచి అవి వేడివేడిగా, అప్పడాల్లా బిర్రుగా బయటికొచ్చాయి.

శుక్రవారం పొద్దున తండ్రీకూతుళ్లు బస్సు దిగి తిన్నగా కాలేజీకి వెళ్లారు. గుమస్తా ఆవిడ డిప్లొమా తిరగేసి స్టాంపు గుద్దింది. ఇంకు పూసలు పూసలుగా తేలింది. బొటనవేలితో తుడిస్తే ఉన్నదంతా వేలికొచ్చేసింది.

"ప్లాస్టిక్ వేసినవి చెల్లవండీ. గోడ మీద రాసి ఉంది, చదువుకోలేదా?"

నిజమే, రాసి ఉంది. ఆ నోటీసుకి మాత్రం చక్కగా ప్లాస్టిక్ వేశారు.

"వేసింది ప్రభుత్వమేనమ్మా," అన్నాడు ఎలియోదోరో.

"చెల్లదన్నదీ ప్రభుత్వమే. మీరూ మీరూ చూసుకోండి."

ఎలియోదోరో గోటితో ఓ మూల పీకి చూశాడు. ప్లాస్టిక్‌తో పాటు హెడ్‌మాస్టరు సంతకం సగం ఊడొచ్చింది.

"అయ్యయ్యో, ఆపండి! ఇక కొత్తవి తెప్పించుకోవాల్సిందే. ఏడాది పడుతుంది. సాయంత్రం దాకా చూస్తాను, తర్వాత ఈ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాం."

జుల్మా కాగితాలు మళ్లీ పాలపొడి డబ్బాలో పెట్టుకుంది. చెడామడా తిట్టినా బాగుండేది. ఎలియోదోరోకి సిగ్గుతో చచ్చినంత పనైంది.

అయినా పార్టీ ఉండగా భయమేమిటి? ఉపమంత్రిగారు సాంతా క్రూజ్ నుంచే పార్లమెంటుకి పోటీ చేస్తున్నారు. కూతుర్ని గుమ్మం బయట నిలబెట్టి ఆయన ఎన్నికల కార్యాలయంలోకి వెళ్లాడు.

"రావయ్యా ఎలియోదోరో! మీ ఊరి కార్యక్రమం పేపర్లో వేశారు, చూశావా?"

"చూశాను సార్. మా అమ్మాయిని కాలేజీలో చేర్చుకోం అంటున్నారు సార్. ప్లాస్టిక్ వేసినవి చెల్లవట."

ఉపమంత్రిగారు గంభీరంగా ఆలోచించారు. "చూశావా, మన పథకం ఎంత ముందుకెళ్లిపోయిందో! ఈ కాలేజీలే ఇంకా మనల్ని అందుకోలేకపోతున్నాయి."

"ఇవాళే ఆఖరు సార్. తమరు ఒక్క ఫోను చేస్తే..."

"ఎన్నికలు కానీయవయ్యా, తప్పకుండా చేస్తాను. ఆడపిల్లకి ఏడాది ఎంతలోకి గడుస్తుంది! ఈలోగా వంట నేర్చుకుంటుంది."

ఎలియోదోరో తల దించుకున్నాడు. దించుకున్న చూపు బల్ల మీదున్న ఫోల్డర్ మీద పడింది. పైనే ఉపమంత్రిగారి బర్త్ సర్టిఫికెట్. పచ్చబడ్డ పాత కాగితం, దాని వెనక స్టాంపు మీద స్టాంపు. ప్లాస్టిక్ మచ్చుకైనా లేదు.

"సార్... ఇది ఆ రోజు అందరి ముందూ యంత్రంలో పెట్టారు కదా?"

ఉపమంత్రిగారు పొట్ట పట్టుకుని నవ్వారు. "అది జెరాక్స్ కాపీ అయ్యా, పిచ్చివాడా! ఒరిజినల్‌కి ఎవడైనా ప్లాస్టిక్ వేస్తాడా?"

గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అలవాటు కొద్దీ ఎలియోదోరో కూడా నవ్వాడు.

"మంచి వేళకి వచ్చావు," అని ఉపమంత్రిగారు ఫోల్డర్ ఆయన చేతికిచ్చారు. "డ్రైవరు భోజనానికని పోయి ఇంకా రాలేదు. నామినేషన్లకి ఇవాళే ఆఖరు. నీకన్నా నమ్మకస్థుడు నాకెవడున్నాడు? ఎన్నికల ఆఫీసులో ఇచ్చి, స్టాంపు వేయించుకురా. జాగ్రత్త సుమా, వీటికి ఏమన్నా అయితే ఇంకో సెట్టు లేదు."

"మీరు మా పిల్లల కాగితాలు చూసుకున్నంత జాగ్రత్తగా చూసుకుంటాను సార్."

"శభాష్! రేవు ఉద్యోగం నీదే అనుకో."

బయట మెట్ల మీద జుల్మా డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. దక్షిణపు గాలి మొదలైంది, మబ్బు పట్టింది. నాయకుడి కాగితాలు తడిస్తే ఏం కాను అని ఆ కార్యకర్త మనసు కొట్టుకుంది. ఫోల్డర్ చొక్కా లోపల దోపుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని ఎన్నికల ఆఫీసు వైపు నడిచాడు. ఆ ఆఫీసు ఎదురుగా అన్నీ జెరాక్స్, లామినేషన్ చేసే బళ్లే. వాటిలో ఒకదాని ముందు ఆగాడు.

"అక్కా, వీటికి ప్లాస్టిక్ వెయ్యి. మందంగా ఉండాలి."

బండి ఆవిడ కాగితాలు వెలుతురులో పెట్టి చూసింది. "ఒరిజినల్స్‌లా ఉన్నాయి అన్నా. ఆలోచించుకో."

"జీవితాంతం చెరక్కూడదక్కా."

ఆవిడ భుజాలెగరేసి యంత్రం ఆన్ చేసింది. ఎలియోదోరో జేబులు వెతికి, సభలో మిగిలిపోయిన స్టిక్కర్లు బయటికి తీశాడు. ప్రతి కాగితానికీ మూలన ఒక్కోటి, వంకర పోకుండా శ్రద్ధగా అంటించాడు. ఉపమంత్రిగారు అన్నిటి మీదా నవ్వుతున్నారు.

జుల్మా తండ్రి మొహంలోకి చూసింది. "నాన్నా, ఎవరివి ఇవి?"

"ఉపమంత్రిగారివి తల్లీ. ఆయన కూడా ఇల్లు దాటి రాజధానికి వెళ్దామనుకుంటున్నారు కదా, పాపం."

కాగితాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఎన్నికల ఆఫీసువాళ్లు మూయబోతున్న కిటికీలోంచి ఎలియోదోరో వాటిని రెండు చేతులతో అందించాడు. లోపలున్న గుమస్తా ఆవులిస్తూ స్టాంపుని ఇంకులో అద్ది పైకెత్తాడు.