కండక్టరుగారి ఒంటరి షికారు

సరస్సు ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని సకుటుంబంగా దిగిన వారంలో కండక్టరు ఒక్క క్షణం కూడా ఒంటరిగా లేడు. స్నానానికి వెళ్ళినా తలుపు అవతల బావమరిది నిలబడి కబుర్లు చెప్పేవాడు. అసలే ఆయన ఉద్యోగం ఎలాంటిది? పొద్దస్తమానం బస్సులో జనం మధ్య నలుగుతూ, ఒకరి మోచెయ్యి డొక్కలో, ఇంకొకరి గొడుగు మెడ మీద. ఇంటికొస్తే భార్య, అత్తగారు, మామగారు, ఈ బావమరిది. అందరూ బంగారంలాంటి మనుషులే, కాదనను. బంగారమైనా నాలుగు పక్కలా పేర్చేస్తే మనిషికి ఊపిరాడద్దూ?

అందుకే ఆఖరి రోజు పొద్దున్న సరస్సు చుట్టూ ఒక్కడే సైకిలు మీద తిరిగి రావాలని గట్టిగా నిర్ణయించుకున్నాడు. పదకొండింటికల్లా ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఇవాళ దాటితే మళ్ళీ వచ్చే ఏడాది సెలవుల దాకా ఆ ముచ్చట తీరదు.

"ఒక్కణ్ణే వెళ్తున్నా. ఒక్కణ్ణే అంటే నేనొక్కణ్ణే," అన్నాడు భార్యతో.

"వెళ్ళి రండి బాబూ, మిమ్మల్నెవరు పట్టుకున్నారు?" అంది ఆవిడ దుప్పటి ముసుగులోంచి.

ఫోను దిండు కింద పెట్టాడు. మర్చిపోలేదు సుమండీ, కావాలనే పెట్టాడు. అతిథుల కోసం షెడ్డులో ఉంచిన నాలుగు సైకిళ్ళలో ఒకటి తీసి, బెల్లు రెండుసార్లు కొట్టి, "రైట్ రైట్" అని తనకి తానే చెప్పుకుని బయల్దేరాడు.

ఆహా, ఏం సుఖం! పల్లంలో సైకిలు దూసుకుపోతుంటే చొక్కా వెనక బుడగలా ఉబ్బింది. చిల్లర అడిగేవాడు లేడు, స్టాపు రాకముందే దిగిపోతానని గోల చేసేవాడు లేడు. గుండె చిన్నపిల్లాడిలా గంతులేస్తుంటే హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. వెంటనే భయమేసి దించేశాడు కూడా.

ఇక్కడ ఇంట్లో దిండు కింద అలారం మోగింది.

"అయ్యో పాపం, ఫోను మర్చిపోయారు," అంది భార్య.

ఆ మాట మామగారి చెవిన పడటమే కొంప ముంచింది. ఆయన పోస్టుమన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఆ ఇంట్లో ఎవరేం మర్చిపోయి వెళ్ళినా, అది వాళ్ళ వెనకాలే వెళ్ళి చేతికి అందాల్సిందే. "తిరిగొచ్చాక ఇద్దాంలే" అన్న మాట ఆయన ముందు అంటే ఇంకేమైనా ఉందా?

"లేవరా," అన్నాడు కొడుకుతో. "మీ బావకి ఫోను ఇచ్చి రా. చేతికే ఇవ్వాలి."

నిద్రమత్తులో ఉన్న బావమరిది సైకిలెక్కి పోయాడు, కళ్ళజోడు మంచం మీదే వదిలేసి. కళ్ళజోడు లేకపోతే వాడికి గేదెకీ బస్సుకీ తేడా తెలీదు. అది చూసిన మామగారు, "వీడు బావనేం గుర్తుపడతాడు, నా మొహం," అని కళ్ళజోడు జేబులో వేసుకుని మూడో సైకిలెక్కాడు. ఆయన బీపీ మాత్ర టేబుల్ మీద ఉండిపోయింది. మాత్ర పట్టుకుని కూతురు నాలుగో సైకిలు మీద పరిగెత్తింది.

మిగిలింది అత్తగారు. మంచినీళ్ళ సీసా వంటింటి గట్టు మీద కనబడింది.

"నీళ్ళు లేకుండా మాత్రెలా మింగుతారు ఈయన?" అనుకుంది, ఎదురుగా సరస్సంత సరస్సు పెట్టుకుని. సైకిళ్ళు అయిపోయాయి, ఉన్నా ఆవిడకి తొక్కడం రాదు. ఒడ్డున హంస ఆకారంలో తొక్కుడు పడవ ఒకటి కట్టేసి ఉంది. ఇంటి తలుపు దగ్గరగా వేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి ఆవిడ హంసనెక్కింది.

ఆ సమయానికి కండక్టరు సగం దూరం తిరిగి, దారి పక్క చెట్ల వెనక గడ్డిలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కళ్ళు అరమోడ్చాడో లేదో దారి మీద బెల్లు మోగింది.

"బావా! ఆగు బావా!"

కండక్టరు గడ్డిలో బల్లిలా అతుక్కుపోయాడు. బావమరిది ముందు వెళ్తున్న ఎవరో ముక్కూమొహం తెలియని సైకిలాయన్ని తరుముకుంటూ వెళ్ళిపోయాడు. కాస్త ఆగి మామగారు. ఇంకాస్త ఆగి భార్య. "మిమ్మల్నెవరు పట్టుకున్నారు అని ఇందాకేగా అంది?" అని కండక్టరు మనసు చివుక్కుమంది. వంతులవారీగా తనని పట్టుకోడానికి బయల్దేరారని ఆయనకి రూఢి అయిపోయింది. దేవుడా అని నీళ్ళ వైపు తిరిగితే, తెల్లటి హంస మీద అత్తగారు సీసా ఊపుతూ వస్తోంది.

"జలమార్గం కూడా మూసేశారు," అనుకున్నాడు. సైకిలు వెనక్కి తిప్పి, వచ్చిన దారినే ఇంటికి పారిపోయాడు.

ఇల్లు చూస్తే నిశ్శబ్దం. వంటింట్లో ఎవరూ లేరు, వరండాలో ఎవరూ లేరు. సోఫా మొత్తం ఖాళీ! వారం రోజులుగా వెతుకుతున్న ఏకాంతం ఇంట్లోనే కాళ్ళు చాపుకుని కూర్చుంది. ఆనందం పట్టలేక కండక్టరు సోఫాలో వాలి, కుషను గుండెలకి హత్తుకుని, ఒక్క నిట్టూర్పు విడిచాడు. రెండోది విడిచేలోగా ఇంటి యజమానురాలు గుమ్మంలో నిలబడింది.

"ఇంకా సర్దుకోలేదా? కొత్తవాళ్ళు వచ్చేశారండీ."

ఆవిడ వెనక, పెట్టెలతో, పిల్లలతో, ఓ పెళ్ళివారంత జనం. కండక్టరు ఏం చేస్తాడు? అయిదుగురి సామానూ ఒక్కడే సర్దాడు. అత్తగారి వేడినీళ్ళ సంచీ, మామగారి మూడు దిళ్ళు, భార్య తడిబట్టలు, బావమరిది వ్యాయామానికని తెచ్చి వారమంతా ముట్టని ఇనప గుండ్లు. దారిలో నిలబడ్డ కొత్తవాళ్ళని అలవాటుకొద్దీ "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటూ తాము వచ్చిన కారుకీ ఇంటికీ మధ్య తిరిగాడు. చెప్పుల స్టాండు మీద తన ఫోను చూసి, ఇదిక్కడికెలా వచ్చిందా అని జేబులో వేసుకున్నాడు.

ఆఖరి పెట్టె డిక్కీలో పడ్డాక ఒక్కొక్కరే వచ్చారు. తిడతారేమోనని కండక్టరు ముందే మొహం ముడుచుకున్నాడు. ఎవరూ తిట్టలేదు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"ఇన్నేళ్ళు సైకిలు తొక్కానా అల్లుడూ, భుజాన సంచీ లేకుండా తొక్కడం ఇదే మొదలు," అన్నాడు మామగారు.

"నేను దారంతా గొంతెత్తి పాడుకున్నానండీ," అంది భార్య. "ఎవరూ ఆపమనలేదు."

అత్తగారు ఖాళీ సీసా చూపించింది. "సరస్సు మధ్యలో తొక్కడం ఆపేసి కూర్చున్నా. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. నీళ్ళన్నీ నేనే తాగేశా."

"చుట్టు మొత్తం తిరిగేశాం బావా," అన్నాడు బావమరిది. "నీ ఫోను ఇవ్వడానికే వచ్చాం గానీ, నువ్వు కనబడితేగా? ఉండు, ఇస్తా." జేబులన్నీ తడుముకున్నాడు.

"చెప్పుల స్టాండు మీదే వదిలేసి వెళ్ళావు," అన్నాడు కండక్టరు. తను తిరిగింది మాత్రం సగం చుట్టే అనుకుంటూ డిక్కీ మూశాడు.

కారు కదిలింది. వెనక సీట్లోంచి అత్తగారు ఉత్సాహంగా ముందుకు వంగింది. "వచ్చే ఏడు కూడా ఇక్కడికే వద్దాం అల్లుడుగారూ. ఎవరికి వాళ్ళం ఒంటరిగా తిరిగొద్దాం."

"తప్పకుండా అత్తయ్యగారూ," కండక్టరు మొహం విప్పారింది. "మరి నేనెప్పుడు వెళ్ళాలి?"

"మీరెలా వెళ్తారు అల్లుడుగారూ? మేం మర్చిపోయినవి తెచ్చివ్వడానికి ఇంట్లో ఒకరుండాలిగా."