జిమ్ కింద ఎలుగుబంటి

ఆ గురువారం ఉదయం కారు మీద మంచు గీకుతున్నప్పుడే తన ఉద్యోగం ఖాయమైపోయినట్టు లెక్క వేసుకుంది మార్లిస్ డాల్. మిన్నెసోటాలో ఓ చిన్న ఊరి బడి అది. అందులో మూడో తరగతికి ఆమె తాత్కాలిక టీచరు. ప్రిన్సిపాల్ హౌగన్ ఆ రోజు వచ్చి పాఠం చూస్తాడు. నచ్చితే ఉద్యోగం శాశ్వతం, లేదంటే బడి ఏడాది ముగిసే జూన్‌లో ఇంటికే. కథలు కాకుండా నిజమైన విషయాలు చెప్పే వ్యాసాలు చదివించడంలో తనను కొట్టేవాళ్లు జిల్లాలోనే లేరని ఆమె నమ్మకం.

పాఠం కోసం తనే ఓ వ్యాసం అల్లింది. ఉపశీర్షికలు, బాణం గుర్తులతో బొమ్మ, బొమ్మ కింద వివరణ, అన్నీ అచ్చం పాఠ్యపుస్తకంలో లాగే కుదిరాయి. విషయం మాత్రం పచ్చి అబద్ధం. బడి జిమ్ కింద ఓ తల్లి ఎలుగుబంటి చలికాలమంతా నిద్రపోతోందట, రోజూ మధ్యాహ్నం లేచి పిజ్జా తింటోందట. మొదటి గంటలో వ్యాసం ఏం చెబుతోందో పిల్లలు వెతకాలి. రెండో గంటలో అది నిజమో కాదో తేల్చాలి. అంతా బాగానే ఉంది కానీ, ఒక కాపీని ఆఫీసులో జిరాక్స్ మిషన్ మీద మరిచిపోయింది.

అది ఆఫీసు చూసుకునే వెర్నా కంట పడింది. "సార్! జిమ్ కింద ఎలుగుబంటి ఉందంట! బొమ్మ కూడా వేశారు!"

హౌగన్ బొమ్మ చూశాడు. ఇంత పద్ధతిగా బాణాలు గీసినవాళ్లు అబద్ధం చెబుతారా అనుకున్నాడు. పైన మూడో తరగతి అని ఉండడంతో కాగితం పట్టుకుని తిన్నగా అక్కడికే వెళ్లాడు.

అక్కడ మొదటి గంట పాఠం నడుస్తోంది. అది చూడడానికే వచ్చాడనుకుంది మార్లిస్. అలాంటప్పుడు టీచరు నోరు మెదపకూడదు, పిల్లలే మాట్లాడాలి. ఆమె చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది.

"పిల్లలూ, ఇందులో రాసినట్టు జిమ్ కింద ఎలుగుబంటి ఉందా?" అనడిగాడు హౌగన్.

"ఉంది సర్! రెండో పేరాలో చెప్పారు," అన్నాడు ఒట్టో.

"అది... నిద్రలోనే ఉంది కదా?"

"మధ్యాహ్నం దాకానే సర్. పిజ్జా వాసనకి లేస్తుంది. చివరి పేరా చూడండి."

"మీరెవరైనా కళ్లారా చూశారా?"

"సొంత మాటలు కలపకూడదు సర్. పేజీలో ఉన్నదే చెప్పాలి," అంది టిల్లీ.

మార్లిస్ గుండె పొంగిపోయింది. హౌగన్ గడియారం వైపు చూశాడు. ఆ రోజు పిల్లల భోజనం పిజ్జాయే. అంతే, బయటికి పరుగు తీశాడు. పాఠం విని ఇంతగా కదిలిపోయిన ప్రిన్సిపాల్‌ను ఆమె ఎన్నడూ చూడలేదు.

మరుక్షణం ప్రమాద గంట గణగణా మోగింది. బడి బడంతా మంచులోకి వచ్చి నిలబడింది. ఇదీ పరీక్షలో భాగమే కాబోలనుకుని మార్లిస్ తన వరసను తీగ లాగినట్టు నిలబెట్టింది. ఫైరింజను వచ్చింది. మత్తు తుపాకులతో అటవీ శాఖవాళ్లు వచ్చారు. తల్లులు వచ్చారు. వంటవాళ్లు పిజ్జాలన్నీ తెచ్చి జిమ్ తలుపు ముందు ఎరగా పరిచారు.

"ఏమైంది వెర్నా?"

"ఇంకేముంది, మీ క్లాసు ఎలుగుబంటే!"

మార్లిస్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. జూన్ దాకా కూడా ఆగనివ్వరనిపించింది. ఉద్యోగం పోతుందన్న భయం కన్నా, పిల్లల ముందు పోతుందన్న సిగ్గు ఎక్కువగా కుదిపింది. అయినా వెళ్లి చెప్పేసింది. "సార్, ఆ వ్యాసం నేను కల్పించి రాసింది."

"కల్పించారా?" హౌగన్ ముఖం కందగడ్డలా అయింది. "పిల్లలంతా ఉందన్నారే! వాళ్లకి అబద్ధాలు నేర్పుతున్నారా? ఇంక మీ ఉద్యోగం..."

టిల్లీ చెయ్యెత్తింది. "సర్, మీరు ఇందులో రాసినట్టు ఉందా అనడిగారు. నిజమేనా అని ఎవరూ అడగలేదు. అది రెండో గంటలో."

ఫైరింజనువాళ్ల పెద్ద రస్ వంగి అడిగాడు. "నేనడుగుతున్నా తల్లీ. నిజమేనా?"

"కాదు. చలికాలమంతా నిద్రపోయేది రోజూ మధ్యాహ్నం ఎలా లేస్తుంది? చూసిందెవరో కూడా రాయలేదు. పైగా జిమ్ కింద అంతా కాంక్రీటే, మా నాన్నే పోశాడు."

రస్ హౌగన్ వైపు తిరిగాడు. "నువ్వు మొత్తం చదివావా?"

"బొమ్మ చూశాను," అన్నాడు హౌగన్.

మొదట తల్లులు నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. అంతమంది ముందు ఆమెను పొమ్మనే ధైర్యం హౌగన్‌కు లేకపోయింది. సాయంత్రానికి శాశ్వత నియామకపు ఉత్తర్వు ఆమె చేతికొచ్చింది. ఇకనుంచి ప్రతి బుధవారం సిబ్బందికి కూడా చదవడం నేర్పాలని అందులో ఉంది. అదనపు జీతం సంగతి మాత్రం ఎంత వెతికినా కనబడలేదు.