పసుపు బెల్టు మళ్లీ వాయిదా

ఒంటికి వ్యాయామం అక్కర్లేదు, లక్ష్యం ఉంటే చాలు! నమ్మరా? దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ జిమ్ముకైనా వెళ్లి చూడండి. బరువులెత్తే వాళ్లకంటే గోల్ గురించి మాట్లాడే వాళ్ల మొహాల్లోనే కళ ఎక్కువ. చెమట పట్టదు, మోకాళ్లు నొప్పెట్టవు, బట్టలు ఉతుక్కునే పని లేదు. పది కిలోలు తగ్గాలని ఒట్టు పెట్టుకున్న రోజున మనిషి ఎంత తృప్తిగా బిర్యానీ తింటాడో మీకు తెలియదా?

ఈ శాస్త్రం ఒంటబట్టక అవస్థ పడిన ఒక ఇల్లాలి సంగతి చెబుతాను. మీరైనా బాగుపడండి.

సుమిత్రమ్మది నల్లగొండ దగ్గర పల్లె. ఎల్బీనగర్‌లో కిరాయి ఇల్లు. నలభై దాటిన మనిషి, పొద్దున్నే కాలనీ అంతా చుట్టి రావడం ఆమెకు అలవాటు. ఒకరోజు అలా నడుస్తుంటే వెనకనుంచి బైక్ వచ్చింది, మెడలో పుస్తెలతాడు పోయింది. బంగారం పోయినందుకు కొన్నాళ్లు ఏడ్చింది. ఏడుపు ఆగింది కానీ భయం ఆగలేదు. గేటు దాటితే చెయ్యి మెడమీదికి పోయేది. ఏ బైక్ చప్పుడు వినబడినా గోడకు అంటుకుపోయి నిలబడేది. చివరికి నడకే మానేసింది. అంత దర్జాగా తిరిగిన మనిషి కొంగు మెడచుట్టూ బిగించుకుని ఇంట్లో కూర్చోవడం చూడలేక భర్త జానయ్య, "కరాటే అన్న నేర్చుకోరాదు జర" అన్నాడు. ఆయన నవ్వించడానికి అన్నాడు. ఆమె పోయి చేరింది.

కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన గంగాధరరావు మాస్టారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక స్కూలు గ్రౌండులో కరాటే నేర్పేవారు. చేతులకంటే ముందు మనసుకు తర్ఫీదు కావాలన్నది ఆయన సిద్ధాంతం. అందుకని క్లాసు మొదలవకముందే ప్రతి ఒక్కరూ ముందుకొచ్చి తమ గోల్ గట్టిగా అరిచి చెప్పాలి. ఒకాయన సిక్స్‌ప్యాక్ అని అరిచేవాడు. ఒకావిడ పెళ్లినాటి జాకెట్టు పట్టాలని అరిచేది. ఉద్యమం ఊపు మీదున్న రోజులు కదా, గోడవతల పోయేవాళ్లు ఇదేదో ధర్నా అనుకుని "జై తెలంగాణ" అని తోడరిచి వెళ్లేవారు.

సుమిత్రమ్మ వంతు వచ్చింది.

"నా మెడ మీద చెయ్యేసినోని చెయ్యి ఇరగ్గొట్టాలె."

మాస్టారు నొచ్చుకున్నారు. "అది గోల్ కాదమ్మా, కోపం. గోల్ అంటే కొలవడానికి వీలుగా ఉండాలండీ. మీ గోల్ పసుపు బెల్టు."

"మరి మెడ పట్టుకుంటే ఎట్ల ఇడిపించుకోవాలో ఎప్పుడు నేర్పుతరు సారూ?"

"అది ఎక్కడో చివర్న, బ్రౌన్ బెల్టు సిలబస్‌లో వస్తుందండీ."

ఎంత పద్ధతి! దొంగలన్నాక సిలబస్ ప్రకారం రావాలి గానీ, తెల్ల బెల్టు వాళ్ల మీద పడటమేమిటి?

పసుపు బెల్టు పరీక్ష పెట్టే పెద్ద మాస్టారు విజయవాడ నుంచి రావాలి. మొదటిసారి బంద్. మరోసారి రైల్ రోకో. ఆ తర్వాత సకల జనుల సమ్మె, అసలు బస్సులే లేవు. శిష్యుల ఉత్సాహం చల్లారకూడదని గంగాధరరావు గారు వాయిదా పడ్డప్పుడల్లా ఒక చిన్న గోల్ ఇచ్చి, అది చేసినవాళ్ల బెల్టు కొసకు నల్ల టేపు ముక్క అంటించేవారు. చప్పట్లు, ఫొటో, కేకు! సుమిత్రమ్మ బెల్టు కొసన తెలుపు కనబడటమే మానేసింది. గాలిని గుద్దడంలో ఆమెకు సాటి లేరు. ఇంటికి పోయేటప్పుడు చెయ్యి మాత్రం ఇంకా మెడమీదే.

"గీ బెల్టు కంటె తెలంగాణనే ముందొచ్చేటట్టుంది సారూ" అంది ఒకనాడు.

"నెగటివ్‌గా ఆలోచించకూడదమ్మా" అన్నారాయన.

ఢిల్లీ పెద్దలదీ ఇదే శాస్త్రం. ఇస్తామనడం, ఆగమనడం, మళ్లీ మాట్లాడదామనడం. లేకపోతే మన జనానికి రోజూ అంతంత దూరం ర్యాలీల్లో నడిచే భాగ్యం దక్కేదా?

సమ్మె నడుస్తుండగానే ఒక పొద్దున పరీక్ష మళ్లీ వాయిదా పడింది. ఆటో కూడా దొరక్క సుమిత్రమ్మ ఆ తెల్ల కరాటే డ్రెస్సులోనే ఇంటికి నడక మొదలుపెట్టింది. మెడలో రోల్డ్‌గోల్డ్ గొలుసు. కొత్తపేట దాటాక వెనక బైక్ నెమ్మదించింది. ఈసారి మెడమీద పడిన చెయ్యి ఆమెది కాదు.

అప్పటికి ఆమెకు వచ్చిన విద్యలు వంగి దండం పెట్టడం, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడటం, గాలిని గుద్దడం, గోల్ అరవడం. ఏదీ అక్కరకు రాలేదు. కోపం ఒక్కటే అక్కరకు వచ్చింది. ఏ రంగు బెల్టు సిలబస్‌లోనూ లేని పని చేసింది. ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కసిదీరా కొరికింది. వెనక కూర్చున్నవాడు కేక పెట్టి కింద పడ్డాడు, నడిపేవాడు పారిపోయాడు. పక్కనే టెంటు వేసుకుని నిరాహారదీక్షలో ఉన్న ఉద్యోగులు పరుగున వచ్చి వాణ్ని ఒడిసిపట్టుకుని పోలీసులకు అప్పజెప్పారు.

సంగతి ఫోన్లో విని గంగాధరరావు గారు బాధపడ్డారు. కొరకడం క్రమశిక్షణ కాదనీ, ఒక టేపు ముక్క తీసేయక తప్పదనీ అన్నారు.

పోలీస్ స్టేషన్‌లో ఎస్సై గారికీ ఒక గోల్ ఉంది. ఆ ఏడాది తన ఏరియాలో గొలుసు దొంగతనాలు నిరుటికంటే తగ్గాలి. ఇంకొక్క కేసు రాస్తే లెక్క తారుమారు.

"గొలుసు నీ మెడలనే ఉన్నది గదమ్మా, అది గూడ గిల్టుదే. ఇగ దొంగతనం ఏడైంది?" అన్నాడు.

"మరి గీని చేతి మీద పండ్ల గాట్లో?"

"కుక్క కరిచిందని రాసి దవాఖానకు పంపిస్తం."

చూశారా గోల్ మహిమ! దొంగ ఎదురుగా ఉండగానే దొంగతనం తగ్గిపోయింది. లక్ష్యశుద్ధి అంటే అదీ!

సుమిత్రమ్మ చేతులు రెండూ ఒళ్లోనే ఉన్నాయి, మెడ జోలికి పోలేదు.

"రాసుకోన్రి సారూ" అంది. "గా కుక్క రేపటి సంది పొద్దుగాల గదే తొవ్వల తిరుగుతదని గూడ రాయున్రి."