గుమస్తా గారి మూడో కాపీ

రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వాన మూడో రోజు తెల్లారేసరికి వెలిసింది. టీచరు గారు హోటల్ గది కిటికీ తెరిచి చూస్తే కొబ్బరాకుల మీంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. చెట్ల అవతల సముద్రం కడిగిన గచ్చులా మెరుస్తోంది. పెళ్లైన ఇన్నేళ్లకి ఒక ద్వీపం చూద్దామని వస్తే, రెండు రోజులూ గోడలు చూస్తూ గడిచిపోయాయి. ఆవిడ వెనక్కి తిరిగేసరికి గుమస్తా గారు మొహమైనా కడుక్కోకుండా బల్ల ముందు కూర్చుని, తెల్ల కాగితాల మధ్య కార్బన్ పేపర్లు సర్దుతున్నారు.

"కార్బన్ పేపర్లు కూడా తెచ్చారా?" అని అడిగారు టీచరు గారు.

"నాలుగే తెచ్చానోయ్," అన్నారు గుమస్తా గారు, అదేదో పెద్ద త్యాగమైనట్టు.

ఆయన బస్సు డిపోలో టైమ్‌టేబుల్ గుమస్తా. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఊళ్లో ఏ బస్సు ఏ నిమిషాన ఎక్కడుండాలో ఆయన రాసిందే రాత. ఏం రాసినా మూడు కాపీలు తీస్తారు. ఒకటి ఫైలుకి, ఒకటి జేబుకి, ఒకటి నోటీసు బోర్డుకి. ఇంట్లోనూ అదే తంతు. దుప్పట్లు ఉతికే వారాలు, చుట్టాలకి ఫోన్ చేసే తేదీలు, కుక్కర్ రబ్బరు మార్చాల్సిన నెల, అన్నీ వంటింటి గోడ మీద వేలాడుతుంటాయి. టీచరు గారు ఆడపిల్లల బడిలో కుట్లు నేర్పిస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన రాసినవన్నీ శ్రద్ధగా చదివేవారు. తర్వాత మానేశారు. చదివినా చదవకపోయినా జరిగేది అదే కదా అని.

"రేపు పొద్దున్నే మన పడవ," అన్నారు గుమస్తా గారు రాస్తూనే. "ఇవాళ ఒక్కరోజులో అన్నీ చూసేయాలి. జలపాతం, లైట్‌హౌసు, గబ్బిలాల గుహ, లవంగాల తోట, తాబేళ్ల తీరం."

"ఎక్కడికి తిప్పితే అక్కడికి వస్తాను. సాయంత్రం మాత్రం నాది. పడమటి తీరం, మనిద్దరమే, ఒక్క గంట. సూర్యాస్తమయం అయ్యేదాకా మీరు నా పక్కన కూర్చోవాలి."

"రాశాను కదోయ్."

రాశారని ఆవిడకి నమ్మకం ఉంది. జరుగుతుందనే నమ్మకం లేదు. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర దాకా డిపోలో రద్దీ. కాబట్టి ఆ వేళకి ఆయన ఇంట్లో ఉన్న పాపాన పోలేదు. అమ్మాయి పుట్టిన రోజు కూడా పిల్లకి రెండు గంటల వయసు వచ్చాకే తండ్రి మొహం చూసింది. అందుకే కూతురూ అల్లుడూ ఈ ప్రయాణం కట్టబెట్టినప్పుడు టీచరు గారు కోరింది ఒక్క సాయంత్రం. అది కూడా దక్కకపోతే ఇక ఈయన్ని ఏమీ అడగకూడదని పడవలోనే ఒట్టు పెట్టుకున్నారు.

సరిగ్గా ఏడింటికి ఇద్దరూ కిందికి దిగారు. హోటల్ గుమ్మం ముందు పాతికమంది నిలబడి ఉన్నారు. తలకి టోపీలు, చేతుల్లో నీళ్ల సీసాలు, మెడలో కెమెరాలు. వాళ్ల వెనకాల హోటల్ వాళ్ల చిన్న బస్సు ఇంజను ఆన్ చేసి గురగురలాడుతోంది.

"గైడు గారు వచ్చేశారు," అన్నాడు ముందు నిలబడ్డ పళ్ల డాక్టరు, గుమస్తా గారి చంకలోని అట్టా, దానికి క్లిప్పుతో బిగించిన కాగితమూ చూసి.

"నేను గైడుని కానండి," అన్నారు గుమస్తా గారు.

"సూపర్‌వైజరా?"

ఈలోగా టీచరు గారి చూపు గుమ్మం పక్కనున్న నోటీసు బోర్డు మీద పడింది. దాని నడిమధ్యన పరిచయమున్న చేతిరాతలో ఒక కాగితం. నాలుగు మూలలా నాలుగు గుండుసూదులు. ప్రపంచంలో అందరూ పైన ఒక్క సూది గుచ్చి వదిలేస్తారు. నాలుగూ గుచ్చే మనిషి ఆవిడకి తెలిసి ఒక్కడే.

"మూడో కాపీ ఏం చేశారు?" అని అడిగారు నెమ్మదిగా.

"బోర్డుకి పెట్టా..." అని సగంలో ఆగిపోయారు ఆయన. టీ చెప్పడానికి కిందికొచ్చినప్పుడు, బోర్డు కనపడగానే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ల అలవాటు. చేసింది తనేనని ఆయనకి ఇప్పుడే తెలిసింది.

మిగతాది మిగతావాళ్లు చక్కగా అల్లేశారు. కాగితం చూసిన రిసెప్షన్ అమ్మాయి, యజమాని కొత్తగా టూరు పెట్టాడనుకుని దాన్ని జిరాక్సులు తీసి గదిగదికీ తలుపు కింద నుంచి తోసేసింది. యజమాని ఆ జిరాక్సు చూసి, అమ్మాయి ఎంత చురుకైనదో అనుకుని బస్సు సిద్ధం చేయించాడు. డ్రైవరు ఎవర్నీ ఏమీ అడగలేదు, ఎందుకంటే అతను ఎప్పుడూ అడగడు.

"వెళ్లి నిజం చెప్పేయండి," అన్నారు టీచరు గారు.

గుమస్తా గారు నిజం చెప్పడానికే నాలుగడుగులు వేశారు. అప్పుడే లోపల్నుంచి ఒక జంట పరిగెత్తుకుంటూ వచ్చి, "సారీ అండీ, లేటయింది," అన్నారు. ఆయన చెయ్యి వాచీ మీదికి పోయింది. "నాలుగు నిమిషాలు," అన్నారు కఠినంగా. "ఎక్కండి, ఎక్కండి. మిగతావాళ్లు వెనక తలుపు నుంచి." అంతే, ద్వీపంలో డిపో తెరుచుకుంది. టీచరు గారు తల పట్టుకుని మొదటి సీట్లో కూలబడ్డారు.

జలపాతం దగ్గర ఇరవై ఐదు నిమిషాలని రాసి ఉంది. ఇరవై మూడో నిమిషానికే ఆయన చప్పట్లు కొట్టి అందర్నీ నీళ్లలోంచి బయటికి లాగారు. ఆ క్రమశిక్షణ చూసి ముచ్చటపడి, ఇంకో హోటల్ నుంచి రెండు జీపుల్లో వచ్చిన పన్నెండు మంది కూడా వెంటపడ్డారు. వద్దంటే వినలేదు. ఎవరో జీపులో ఒక కాగితం అందించారట, దాన్ని చేత్తో పట్టుకుని మరీ వచ్చారు.

లైట్‌హౌసులో పనిచేసే ముసలాయన ఒకేసారి అంతమందిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆరు నెలల్లో ఆయన దగ్గరికి వచ్చింది ముగ్గురట. దీపం కథ మొదలుపెట్టి, తాతగారి కథలోకి దిగి, తాతగారి మోకాలి నొప్పి దాకా వచ్చాడు. పద్దెనిమిది నిమిషాలు ఆలస్యం. దాన్ని గుహలో పూడ్చుకుందామని గుమస్తా గారు అందర్నీ చీకట్లో పరుగులు పెట్టించారు. బయటికొచ్చి లెక్కపెడితే ఒకరు తక్కువ. పళ్ల డాక్టరు గారు లోపలే ఉండిపోయారు. వెళ్లి చూస్తే, గబ్బిలాల్ని నోరు తెరిపించి ఫోటో తీయాలని టార్చి పట్టుకుని కూర్చుని ఉన్నారు.

ఈ గొడవలో టీచరు గారికి కూడా ఉద్యోగం వచ్చేసింది. లవంగాల తోటలో ఒకావిడ సంచి పట్టీ తెగితే, ఆవిడ పర్సులోంచి సూదీ దారం తీసి కుట్టి ఇచ్చారు. ఆ మాట బస్సంతా పాకింది. ఇక ఒకరి తర్వాత ఒకరు. ఊడిన గుండీలు, చిరిగిన జేబులు, చివరికి ఒక గొడుగు. "మేడమ్, మీరు అసిస్టెంటు గైడా?" అని అడిగింది ఒకమ్మాయి. "కాదమ్మా, భార్యని," అన్నారు టీచరు గారు, దారం పంటితో కొరుకుతూ.

తాబేళ్ల తీరంలో ఉన్నది ఒక్కటే తాబేలు. అది బొరియలో ఉంది. దానికి పదిహేను నిమిషాలు కేటాయించి ఉంది. జనమంతా ఊపిరి బిగబట్టి నిలబడితే, పద్నాలుగో నిమిషానికి తల కొద్దిగా బయటపెట్టింది. "టైమైపోయింది," అని గుమస్తా గారు అందర్నీ బస్సెక్కించారు. బస్సు కదిలాక టీచరు గారు వెనక అద్దంలోంచి చూశారు. తాబేలు పూర్తిగా బయటికొచ్చి, ఖాళీ తీరాన్ని నింపాదిగా చూసుకుంటోంది. ఆవిడకి దాని మీద జాలేసింది, తన మీద అంతకన్నా ఎక్కువ జాలేసింది.

టైము ఐదూ ఇరవై. పడమటి తీరానికి ఇంక ఇరవై నిమిషాల దారి. వెనక ముప్ఫై తొమ్మిది మంది జనం, పాటలు, పల్లీల పొట్లాలు.

"నేను అడిగింది మనిద్దరమే అని," అన్నారు టీచరు గారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే గుమస్తా గారికి అంత భయం వేసేది కాదు. "ఇక్కడ కూడా డిపోయేనా? నేను ఏం పాపం చేశానండీ?"

గుమస్తా గారు అట్ట మీది కాగితం ఒకసారి చూసుకున్నారు. తర్వాత లేచి, డ్రైవరు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు. "అందరికీ ఒక ప్రకటన. ఆఖరి అంశం రద్దయింది. బస్సు నేరుగా హోటల్‌కి వెళ్తుంది."

ఆయన ఎత్తు టీచరు గారికి అర్థమైంది. వీళ్లందర్నీ దించేసి, తమ ఇద్దరే ఏ ఆటోలోనో వెనక్కి రావచ్చని. వచ్చేసరికి సూర్యుడు ఉండడన్న సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

కానీ బస్సు ఒప్పుకోలేదు. ముఖ్యంగా బస్సులో ఆడవాళ్లు ఒప్పుకోలేదు. పళ్ల డాక్టరు గారి భార్య ఒంటికాలి మీద లేచింది. "రద్దేమిటండీ? నేను ఆ నీళ్లూ గబ్బిలాలూ చూడ్డానికి వచ్చాననుకున్నారా? పొద్దుట్నుంచీ ఈయన్ని ఈడ్చుకొచ్చింది ఈ ఒక్కదాని కోసం."

"మేమూ అంతే," అంది వెనక సీట్లోంచి ఇంకొకావిడ. "జీపుల వాళ్లూ దానికే వస్తున్నారు. కావాలంటే అడగండి."

"దేనికి?" అన్నారు టీచరు గారు, ఏమీ అర్థం కాక.

"మీరు చదవలేదా మేడమ్?" అని డాక్టరు గారి భార్య నాలుగు మడతల జిరాక్సు కాగితం చేతిలో పెట్టింది. టీచరు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. ఆయన రాసింది ఆవిడ చదివి ఇరవై ఏళ్లు దాటింది. పైనుంచి కిందిదాకా అన్నీ నిమిషాలే. వచ్చుట, పోవుట, వచ్చుట, పోవుట. అట్టడుగున ఆఖరి వరస మాత్రం ఇలా ఉంది:

"5.40. పడమటి తీరం. సూర్యాస్తమయం. భార్య పక్కన కూర్చొనుట. మాట్లాడుట. మధ్యలో వాచీ చూడరాదు. ముగింపు సమయం:"

ఆ తర్వాత ఖాళీ. ఆవిడ కాగితం వెనక్కి తిప్పి చూశారు, అక్కడ కూడా ఏమీ లేదు. కుక్కర్ రబ్బరుకి కూడా గడువు రాసే మనిషి, ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి ఒక పనికి ముగింపు సమయం రాయకుండా వదిలేశారు. టీచరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు.

"డ్రైవర్ గారూ," అన్నారు, "పడమటి తీరానికి పోనివ్వండి. కొంచెం తొందరగా."

తీరంలో దిగాక పెత్తనమంతా ఆవిడదే అయింది. బడిలో పరీక్షలకి పిల్లల్ని కూర్చోబెట్టినట్టే జంటల్ని దూరదూరంగా కూర్చోబెట్టారు. "ఒకళ్ల మాటలు ఇంకొకళ్లకి వినపడకూడదు. డాక్టరు గారూ, ఆ కెమెరా లోపల పెట్టండి. మగవాళ్లు ముందు మొదలుపెట్టాలి." వాచీలన్నీ విప్పించి ఒక టోపీలో వేయించారు. ఒంటరిగా వచ్చిన బీమా ఏజెంటు ఒకడు దిక్కులు చూస్తుంటే, ఊళ్లో ఉన్న భార్యకి ఫోన్ చేయించి మరీ కూర్చోబెట్టారు. మొదట్లో మగవాళ్లంతా సముద్రం వైపు చూస్తూ గొంతులు సవరించుకున్నారు. తర్వాత ఎక్కడో ఒకడు నవ్వాడు. ఆ తర్వాత ఇక ఆపేవాళ్లు లేరు.

అందరికన్నా ఆఖర్న, ఒక పడవ వారగా, టీచరు గారూ గుమస్తా గారూ కూర్చున్నారు.

"ఊఁ, చెప్పండి," అన్నారు టీచరు గారు.

"ఏం చెప్పను?"

"రాయడం వచ్చింది కదా, చెప్పడం రాదా?"

గుమస్తా గారు ఇసకలో వేలితో గీతలు గీశారు. "మీ బడి ముందు నాలుగూ ముప్ఫై ఐదు బస్సు ఉండేది, గుర్తుందా?" అన్నారు.

"ఎందుకు లేదు. నేను రోజూ ఎక్కిందే కదా. ఎప్పుడూ ఖాళీగా ఉండేది. కిటికీ పక్కనే సీటు దొరికేది. నా అదృష్టం అనుకునేదాన్ని."

"అది నష్టాల బస్సు. తీసేయమని ఏటా పైనుంచి కాగితం వచ్చేది. నేను ఏటా ఏదో ఒక కారణం రాసి ఉంచేవాణ్ణి. ఒకసారి ఆ వీధిలో కొత్తగా ఆసుపత్రి వస్తోందని కూడా రాశాను."

"ఆసుపత్రి ఎక్కడ వచ్చింది?"

"రాలేదు." ఆయన ఇంకా ఇసకలోకే చూస్తున్నారు. "నాలుగున్నరకి నీ బడి అయిపోతుంది. నువ్వు ఎండలో నిలబడతావని... సాయంత్రం నేను ఇంటికి రాలేనని నాకు తెలుసు. కనీసం నువ్వైనా కూర్చుని వెళ్తావని."

టీచరు గారు ఇరవై రెండేళ్లు ఎక్కిన బస్సు అది. ఏ పూటా ఆయనకి థాంక్స్ చెప్పలేదు, ఎందుకంటే చెప్పాల్సింది ఆయనకని తెలియదు. ఆవిడ ఏడ్చారు, నవ్వారు, కొంగుతో మొహం తుడుచుకుని, "ఇన్నాళ్లూ చెప్పకుండా ఎలా ఉన్నారండీ, మనిషేనా మీరు?" అని ఆయన భుజం మీద ఒకటి వేశారు. ఆ తర్వాత ఆ భుజం మీదే తల పెట్టుకున్నారు. ఆయన వచ్చీరాని మాటలతో ఒకటి తర్వాత ఒకటి చెబుతూ పోయారు. ఏం మాట్లాడుకున్నారో పక్క జంటకి వినపడలేదు, అంత దూరం కొలిచి కూర్చోబెట్టింది ఆవిడే కాబట్టి. సూర్యుడు ఎప్పుడు కుంగాడో ఇద్దరిలో ఎవరూ చూడలేదు.

ఆ రోజు బస్సు భోజనాల వేళ దాటి రెండు గంటలయ్యాక హోటల్‌కి చేరింది. అయినా యజమాని దగ్గరికి ఫిర్యాదు ఒక్కటే వచ్చింది, అదీ డ్రైవరు భార్య నుంచి, తననెందుకు బస్సెక్కించుకోలేదని.