వంటింటి మేధకు జరిగిన సన్మానం

ఇళ్లలో వంట చేసేవాళ్లు కూడా జ్ఞానాన్ని ఒకరినుంచి ఒకరికి అందించే ఒక సమాచార సమూహమేనని విశ్వవిద్యాలయం ఎట్టకేలకు ఒప్పుకుంది. అప్పటిదాకా వాళ్లేమిటో పండితులకు అంతుపట్టలేదు. ఈ లోటు తీర్చే భారం ఒక పరిశోధక విద్యార్థిని నెత్తిన పడింది. ఆ అమ్మాయికి పొయ్యి వెలిగించడం రాదు. నిష్పాక్షికతకు అది మంచిదేనని గైడుగారు సెలవిచ్చారు.

పరిశోధనకు తన తల్లినీ, పిన్నినీ, పక్కింటావిడనూ ఎంచుకుంది. వీధి దాటకుండానే క్షేత్రపర్యటన ముగిసింది.

"కూర కుదిరిందో లేదో నీకెలా తెలుస్తుందమ్మా?" అని ఫోనులో రికార్డింగు పెట్టి అడిగింది.

"కుదిరితే ఎవరూ మాట్లాడరు. కుదరకపోతే మీ నాన్న మాట్లాడతారు."

అందులోంచి 'మౌనమే ఆమోదం' అనే అధ్యాయం పుట్టింది. ఎక్కడ నేర్చుకున్నావని పిన్నినడిగితే, "మా అత్తగారి నోట్లో పడి," అంది. దాన్ని మౌఖిక సంప్రదాయం కింద చేర్చింది. పక్కింటావిడ మాత్రం, "మా ఆయనొచ్చే వేళయింది, గిన్నెలు తోముతుంటే అడుగు," అంది. ఆ జవాబులు నీళ్ల చప్పుడులో కొట్టుకుపోయాయి.

సిద్ధాంత గ్రంథం పూర్తయ్యే తరుణంలో విశ్వవిద్యాలయంలో సదస్సు పెట్టి, ముగ్గురినీ విశిష్ట అతిథులుగా ఆహ్వానించారు. బీరువా అడుగున దాచుకున్న బట్టలు కట్టుకుని వచ్చారు. తీరా చూస్తే భోజనాల కాంట్రాక్టరు చెయ్యిచ్చాడు. గైడుగారు చేతులు జోడించి, "తల్లులారా, జ్ఞానమంతా మీ దగ్గరే ఉంది," అంటూ వంటగదికి దారి చూపించారు.

"సార్, వాళ్లు అతిథులు కదా," అని అమ్మాయి నసిగింది.

"అందుకే కదమ్మా, ప్రత్యక్ష ప్రదర్శన."

సిద్ధాంత గ్రంథం మీద ఆయన సంతకం ఇంకా పడలేదు. అమ్మాయి వంటగది తలుపు తీసి పట్టుకుంది.

"యుగాల తరబడి మరుగున పడిన వంటింటి మేధను నేడు వేదికనెక్కించాం," అని గైడుగారు గర్జించారు. వేదిక మీద ఆయనొక్కరే ఉన్నారు. చప్పట్లు వంటగది దాకా వినబడ్డాయి.

"ఎవరికో సన్మానం జరుగుతున్నట్టుందే," అంది పిన్ని, మంట తగ్గిస్తూ.

పండితులు తృప్తిగా భోంచేశారు. ఒకాయన, ఉప్పు కాస్త తగ్గిందని నిర్మొహమాటంగా సెలవిచ్చారు. ఆ మాట అమ్మాయి శ్రద్ధగా రికార్డు చేసుకుంది.

తిరుగు బస్సులో పక్కింటావిడ కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

"ఏమైందత్తా?" అంది అమ్మాయి.

"ఏం లేదమ్మా. పొద్దుటినుంచీ కడుపులో ఏమీ లేదు."

అమ్మాయి గతుక్కుమంది. "అదేమిటి, మీరెవరూ తినలేదా?"

తల్లి టిక్కెట్లు మడిచి కొంగున కట్టుకుంటూ, "ఎవరడిగారు?" అంది.

 అమ్మాయికి పట్టా మాత్రం సకాలంలోనే వచ్చింది. అడగవలసిన ప్రశ్న ఒక్కటీ వదలలేదని పరీక్షకులు ప్రత్యేకంగా అభినందించారు. ఇందాక భోజనాలయ్యాయని చదివినప్పుడు పాఠకులకైనా 'వండినవాళ్లు తిన్నారా' అన్న ప్రశ్న తట్టలేదు కనుక, ఈ అభినందనల్లో వారికీ వాటా ఉంది.