అత్తయ్య పెట్టిన నెక్లెసు

ఆ ఉదయం ఇంట్లో వేసుకున్న పథకం చాలా సులువైనది. అందరూ కాలేజీ హాలుకి వెళ్ళాలి, అమ్మాయి వేదిక ఎక్కి పట్టా అందుకోవాలి, దర్జీపని చేసే తండ్రి అది కళ్ళారా చూడాలి. ఆ వంశంలో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. అందుకే మేనత్త తన నెక్లెసు తెచ్చి స్వయంగా మెడలో పెట్టింది.

"అచ్చమైన బంగారం! మనింట్లో ఏ పెళ్ళి జరిగినా దీన్నే పెట్టాను. ఉంచుకో."

బస్సు దిగేసరికి మెడ మండసాగింది. హాలు ముందు వరసలో నిలబడేసరికి దద్దుర్లు గొంతు దాకా పాకాయి. కెమిస్ట్రీ చదివిన అమ్మాయికి సంగతి తెలిసిపోయింది. గిల్టు నగల్లో ఉండే నికెల్ కొందరి ఒంటికి పడదు. కానీ ఆ మాట అంటే అత్తయ్య పరువు తీసినట్టే.

"చెమటకి, అంతే," అంటూ గోక్కుంది.

తల్లి మరీ నిజాయితీపరురాలు. "కాస్త ఎడంగా ఉండమ్మా, మా పిల్లకి తట్టు పోసినట్టుంది," అని వెనకావిడని హెచ్చరించింది. ఆవిడ తన వెనకావిడకి చెప్పింది. వరస చివరికి చేరేసరికి అది ఇంకా పేరు పెట్టని కొత్త జబ్బయింది. ఒకాయన ముక్కుకి రుమాలు కట్టుకుని ఇంటిదారి పట్టాడు. కాలేజీ గుమస్తా పరిగెత్తుకొచ్చాడు.

"అంటుజబ్బుతో లోపలికి రానివ్వం. ఇంటికెళ్ళండి, పట్టా పోస్టులో వస్తుంది."

"పోస్టులోనా?" అన్నాడు తండ్రి. "అది తొడుక్కున్న గౌను నేనే కుట్టానండీ..." ఆ గౌను అంచు పట్టుకుని చూపించాడు.

అమ్మాయి నోరు తెరిచి, మేనత్తని చూసి మూసుకుంది. మేనత్త తమ్ముడి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. చటుక్కున నెక్లెసు లాగేసి, వరసంతా వినపడేలా అరిచింది.

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు! ఇది గిల్టుది! నాకూ పడదు. అందుకేగా ఎప్పుడూ మీ మెళ్ళో వేసేదాన్ని!"

"అయితే వదినా, నా పెళ్ళిలో ఆ దురద..." అంది తల్లి.

"సిగ్గుతో మెలికలు తిరుగుతున్నావనుకున్నానే!" అన్నాడు తండ్రి.

ఎర్రబడ్డ మెడమీద నెక్లెసు గుండ్లు అచ్చుగుద్దినట్టు కనిపించాయి. గుమస్తా దారి వదిలాడు. అమ్మాయి ఆ మెడతోనే తలెత్తుకుని వేదిక ఎక్కింది. తండ్రి చప్పట్లు కొట్టడం కూడా మరిచి చూస్తుండిపోయాడు. ఆ లోటు మేనత్త తీర్చింది.

"మా మేనకోడలే! మెడ ఎర్రగా ఉంది చూడండి, అదే మా పిల్ల!"

బయటికి రాగానే, వరసలో వెనక నిలబడ్డావిడ మేనత్తని పక్కకి పిలిచి ఆ నెక్లెసు ఏ కొట్లో దొరుకుతుందని అడిగింది. ఆడపడుచుకి బహుమతిగా ఇవ్వాలట.