పచ్చ కడవ, పరుగెత్తే షేరు

"బావా, ఈ రోజు నుంచి కోవిల్‌పట్టిలో దొంగతనం చేయాలంటే దొంగ రెండు మార్లు ఆలోచించాల. మూడో మారు నన్ను తలుచుకొని మానుకోవాల."

ఈ ప్రకటన చేసినవాడు మా బామ్మర్ది పాండీశ్వరన్. చేసిన చోటు మా ఇంటి అరుగు. చేస్తున్నప్పుడు నా గ్లాసులో టీ సగం తన గ్లాసులోకి ఒంపుకుంటున్నాడు.

పగలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మిగతా టైమంతా ప్రైవేట్ డిటెక్టివ్. ఆ ఉద్యోగం ఎవరిచ్చారంటే, తనకి తనే ఇచ్చుకున్నాడు. వాన మొహం మరిచిపోయిన మా ఊళ్లో రెయిన్‌కోటు కొన్న మనిషి ఇతనొక్కడే. దాన్ని మిట్టమధ్యాహ్నం వేసుకు తిరిగితే నేరస్థులు వణికిపోతారని అతని నమ్మకం. నేరస్థుల సంగతి నాకు తెలీదు. అతనికి మాత్రం వీపంతా చెమటకాయలు.

పోయిన కేసులో మా ఇంట్లో వేరుశనగ మిఠాయి పొట్లం మాయమైతే భూతద్దం పట్టుకుని బోర్లా పడుకుని దర్యాప్తు చేసి, చివరికి చీమల్ని పట్టుకున్నాడు. మిఠాయి తిన్నది నేను. పాపం, చీమలకి ఆ చెడ్డపేరు ఇంకా పోలేదు.

ఈసారి కేసు మరీ భయంకరం. మా ఆవిడ వల్లియమ్మాళ్ పచ్చ ప్లాస్టిక్ కడవ కనబడడం లేదు.

నవ్వకండి. మా వీధి కుళాయిలో నీళ్లు ఎప్పుడొస్తాయో నీళ్లకే తెలీదు. అందుకని మా దగ్గర వరుసలో మనుషులు నిలబడరు, కడవలు నిలబడతాయి. ఎర్ర కడవ అంటే ఎదురింటి ఉష. నీలం కడవ అంటే మూలింటి సంగవి. పచ్చ కడవ అంటే మా ఆవిడ. కడవ లేదంటే ఆ వరుసలో మా ఆవిడ పుట్టనే లేదన్నమాట.

ఆ కడవ ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. నేనే ఇచ్చేశాను. పాత ప్లాస్టిక్ ఇస్తే తూకం వేసి సాంబారు ఉల్లిపాయలు ఇచ్చే బండి ఒకటి మా వీధిలోకి వస్తుంది. కడవ అడుగున చిల్లి కనబడింది, చెత్తే కదా అని ఇచ్చి పిడికెడు ఉల్లిపాయలు తెచ్చుకున్నాను. ఆ చిల్లికి సబ్బు ముక్క అద్ది ఆమె వాడుకుంటోందని నాకెవరు చెప్పారు? నిజం చెప్పేద్దామని నోరు తెరిచేలోపే ఆమె దొంగని తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు విన్నాక నోరు దానంతటదే మూసుకుంది.

పాండీ కుళాయి దగ్గర మోకాళ్ల మీద పాకుతూ భూతద్దం ఆపాడు.

"బావా, ఇటు చూడు. నీటి చుక్కలు. వరుసగా పోతుండాయి."

"కడవ కారి ఉంటుందేమోరా."

"సుమ్మా ఉండు బావా. కడవలు కారవు. ఇవి కన్నీళ్లు. దొంగకి మనస్సాక్షి ఉండాది. ఏడస్తా పోయినాడు."

"ఇంతింత చుక్కలా?"

"పెద్ద కండ్లవాడు" అని చేతిలో రాసుకున్నాడు. "ఇదో, ఈడ టైరు గుర్తు. ఏడుపు ఆడికి నిలిచిపోయింది. అంటే వండి ఎక్కినాడు. ఈ వీధికి వచ్చే వండి ఏది బావా?"

వండి అంటే మా వైపు మాటలో బండి. వీడికి జీవితంలో మొదటిసారి తీగ సరిగ్గా దొరికింది.

"కుమరేశన్ వండి" అన్నాడు పాండీ, గొంతు తగ్గించి. "జ్వాలామణి వండి."

కుమరేశన్ ఆ ఉల్లిపాయల బండివాడు. ఇక జ్వాలామణి గురించి చెప్పాలి. మనిషి కాదు, కంపెనీ. జ్వాలామణి పాలీఫ్యూయల్స్. ప్లాస్టిక్ చెత్త కరిగించి డీజిల్ తీస్తామని చెప్పుకునే చిన్న కంపెనీ, విరుదునగర్ అవతల ఎక్కడో ఉంది. దాని షేరు చవగ్గా దొరికే రోజుల్లో పాండీ కొన్నాడు. కొని ఊరుకుంటే పోయేది, వీధి వీధంతా కొనిపించాడు. ఇక అది రోజూ ఎక్కడమే. రోజుకి ఎంత ఎక్కనిస్తారో అంతా ఎక్కి ఆగిపోతే దాన్ని అప్పర్ సర్క్యూట్ అంటారు. ఆ మాట పలకడం రాని ముసలమ్మ మా వీధిలో లేదు. కుళాయి దగ్గర ఆడవాళ్లు నీళ్లు వచ్చాయా అని అడగడం మానేసి, "సర్క్యూట్ తగిలిందా" అని ఒకరినొకరు అడుగుతున్నారు. మంగలి కుర్చీలో ఫోను చూసుకుంటూ సగం మీసంతో లేచి వచ్చినవాణ్ణి నేను చూశాను.

మా ఆవిడ రెండు మేకలు అప్పటికే షేర్లయిపోయాయి. మిగిలింది రాసాత్తి. మా ఆవు. దాని మీద కూడా తమ్ముడి కన్ను పడింది.

"అక్కా" అంటూ లోపలికి పరిగెత్తాడు. "కేసు తేలిపోయింది. నీ కడవ ఎత్తుకుపోయింది జ్వాలామణి కంపెనీ."

వల్లియమ్మాళ్ పాలు పితికి లేస్తోంది. "కంపెనీకి చిల్లిపడిన నా ఓట్ట కడవ ఏమిటికిరా?"

"అదే పాయింటు. ఓట్ట కడవని కూడా విడవకుండా దొంగిలిస్తుండారంటే, సరుకు ఎంత కావాల్నో చూడు. సరుకు అంత కావాల్నంటే డీజిల్ ఎంత అమ్ముడుపోతుందో చూడు. షేరు ఇంక పైకి పోదక్కా, ఎగురుతాది. రేపే రాసాత్తిని అమ్మి అంతా దానిలో పెట్టేయి. తంగపాండి దగ్గర చెప్పేసినాను. రేపు సాయంత్రం వస్తాడు."

తంగపాండి నాగలాపురం ఆవుల బ్రోకరు. అతను తాడు తెచ్చాడంటే ఉత్త తాడుతో తిరిగిపోయిన చరిత్ర లేదు.

మా ఆవిడ ఆవు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. రాసాత్తి ఆమె కొంగు నాకింది. ఆ ఆవు నాకంటే ఎక్కువ మాట వింటుందని ఆమె పదిమందిలో చెబుతూ ఉంటుంది. అది అబద్ధం కాదు.

"మేకలంటే నువ్వు చెప్తివని ఇచ్చేస్తిని" అంది. "దీన్ని అట్ల ఇయ్యను. నువ్వు పోయి ఆ ఫ్యాక్టరీని నీ కండ్లతో చూసి రా. ప్లాస్టిక్ డీజిల్ అయ్యేది చూసినానని నా మొగం చూసి చెప్పు. తంగపాండి వచ్చేలోపల చెప్పాల. అప్పుడు అమ్ముతా."

"కండిప్పా అక్కా, తప్పకుండా" అన్నాడు పాండీ. తర్వాత నన్ను పక్కకి లాగాడు. "బావా, నన్ను సంచిలో కట్టు."

చాలా ఏళ్లుగా నేను కంటున్న కల అది. ఎందుకని కూడా అడగలేదు.

"శత్రువు కోటలోకి సరుకులాగ పోవాల" అని వాడే చెప్పాడు. "కుమరేశన్ రేపు పొద్దున లోడు విరుదునగర్ తీసుకుపోతాడు. ఆ సంచుల్లో ఒక సంచి నేను."

మర్నాడు పొద్దున్నే రెండు యూరియా సంచులు కలిపి కుట్టాను. పాండీని రెయిన్‌కోటుతో సహా లోపల కూర్చోబెట్టి, చుట్టూ నీళ్ల సీసాలు, పెరుగు డబ్బాలు, తెగిన చెప్పులు కుక్కాను. గాలి కోసం ఒక చిల్లి పెట్టాను. అది ముక్కు దగ్గర పెట్టమన్నాడు, నేను మోకాలి దగ్గర పెట్టాను. మనిషన్నాక కాస్త వంగాలి.

కుమరేశన్ వచ్చాడు. పుదూరు వైపు మనిషి, మా తెలుగే. మేం కుట్టియానై అనే చిన్న లోడు బండి అతనిది, దాని పక్కన జ్వాలామణి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. సంచి ఎత్తబోయి ఆగాడు.

"ఏమి అన్నాచ్చి, ఇంత బరువు?"

"పాత కాలం ప్లాస్టిక్ నాయనా. అప్పుడు గట్టిగా చేసేవాళ్లు."

సంచి తుమ్మింది.

"ఏమది?"

"డబ్బాల్లో గాలి ఉండాది. పోతాంది."

కుమరేశన్ నావైపు చూశాడు, సంచి వైపు చూశాడు, కొక్కేనికి తగిలించి తూకం వేశాడు. ఉల్లిపాయలు కొలవడం మొదలుపెట్టాడు. ఆపుతాడేమో అనుకున్నాను, ఆపలేదు. బండిలో ఉన్న ఉల్లిపాయలు దాదాపు అన్నీ నాకే ఇచ్చేశాడు. మా బామ్మర్దికి బజార్లో అంత విలువ ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

సాయంత్రం తంగపాండి వచ్చాడు. భుజాన తాడు, చేతిలో ఫోను. అతనూ పాండీ మాట విని జ్వాలామణి షేర్లు కొన్నవాడే.

"ఈ రోజు కూడా సర్క్యూట్ అక్కా" అన్నాడు మా ఆవిడతో. "ఆలోచన చేసేకొద్దీ ధర పైకి పోతుండాది. ఆవుని విప్పు."

"తమ్ముడు రానీ."

రాసాత్తి గడ్డి నములుతోంది. మా ఆవిడ దానికి ఎప్పుడూ లేనిది తవుడు ఇంకో చేట పెట్టింది. అది చూసి నేను అరుగు దిగి వీధి చివరదాకా పోయి వచ్చాను. ఎగతాళి నోటిదాకా వచ్చి, మళ్లీ లోపలికి పోయింది.

అప్పుడొచ్చాడు పాండీ. బస్టాండు నుంచి నడిచి వచ్చాడు. రెయిన్‌కోటు ఒక చెయ్యి లేదు. జుట్టులో పెరుగు డబ్బా మూత. ఒళ్లంతా ఏదో నూనె కంపు. చంకలో, దేవుడా, పచ్చ కడవ.

"నా కడవ" అంది మా ఆవిడ.

"కేసు నంబర్ వన్, ముగిసింది" అన్నాడు పాండీ, కడవ కింద పెట్టి. "నా పక్క సంచిలోనే ఉండింది. ఇప్పుడు కేసు నంబర్ టూ. అక్కా, ఫ్యాక్టరీ నా కండ్లతో చూసినాను."

తంగపాండి తాడు ముడి సరిచేసుకున్నాడు.

"ఎట్లుండాది?" అంది వల్లియమ్మాళ్.

"ఏమని చెప్పేది. ఇంత లావు పొగ గొట్టం. దానిలో ఒక్క పిసరు పొగ లేదక్కా. అంత శుద్ధమైన టెక్నాలజీ."

"చూస్తివా" అన్నాడు తంగపాండి.

"మిషన్ ఉండాది, మిలమిలమని. దానిమీద వచ్చినప్పటి కవరు కూడా విప్పలేదు. అంత భద్రంగా చూసుకుంటుండారు. లోపల పనివాళ్లు ఒక్కరు లేరు. అంతా ఆటోమేటిక్."

"ప్లాస్టిక్ డీజిల్ అయ్యేది చూసినావా?"

"గుట్ట గుట్టగా ప్లాస్టిక్ చూసినాను. డీజిల్ ఒక్క చుక్క కనబడలేదు. అంటే ఏమర్థం? తీసింది తీసినట్టే అమ్ముడుపోయింది."

ఆ తర్కానికి నాకే కళ్లు తిరిగాయి. మా ఆవిడ మాత్రం తమ్ముడి మొహం చూస్తూ ఉంది. చిన్నప్పుడు చంకనేసుకుని పెంచిన మొహం. ఆమె చెయ్యి మెల్లగా ఆవు పలుపు మీదికి పోయింది. నేను ఉల్లిపాయల సంగతీ కడవ సంగతీ అన్నీ కక్కేసి ఏదో ఒక గొడవ పెడదామా అనుకుంటున్నాను.

పలుపు విప్పడానికి వంగినప్పుడు కాలికి కడవ తగిలింది. ఆమె ముక్కు మూసుకుంది.

"ఈ కడవలో ఏమి వాసనరా ఇది?"

"అదా? దానికీ కేసుకీ సంబంధం లేదక్కా. డీజిల్."

"ఏ డీజిల్?"

"సాత్తూరు దాటినాక వండి నిలిచిపోయింది. డీజిల్ అయిపోయింది. కుమరేశన్ దగ్గర క్యాను లేదు. ఏదన్నా దొరుకుతుందేమోనని సంచులు తడిమి, ఈ కడవ పట్టి లాగినాడు. అవతలి పక్క నా సంచి చిల్లిలోనుంచి చెయ్యి పెట్టి నేను పట్టుకోనుండాను, సాక్ష్యం కదా. ఇద్దరం లాగి లాగి, సంచి చినిగి నేను రోడ్డు మీద పడినాను. కానీ వేషం బయటపడనియ్యలేదక్కా. లోడుమేన్ అని చెప్పినాను. అయితే పోయి బంకులో డీజిల్ పట్టుకొని రాపో అన్నాడు. పోయినాను. ఓట్ట కడవ కదా, వచ్చేలోపల సగం రోడ్డుపాలు. మళ్లా పోయినాను."

రాసాత్తి నమలడం ఆపినట్టు నాకు అనిపించింది.

"బంకు డీజిల్" అంది మా ఆవిడ.

"అవునక్కా."

"జ్వాలామణి వండికి."

"అవునక్కా."

"డీజిల్ చేసే కంపెనీ వండి, డీజిల్ లేక రోడ్డు మీద నిలిచిందా?"

పాండీ ఒక వేలు పైకెత్తాడు.

"వాళ్లది ఎక్స్‌పోర్ట్ క్వాలిటీ అయ్యుంటుంది అక్కా" అన్నాడు. "సొంత వండికి పోసి వేస్టు చేస్తారా?"

వల్లియమ్మాళ్ విప్పబోయిన పలుపుని గుంజకి బిగించి కట్టింది. ఒక ముడి సరిపోదని రెండో ముడి కూడా వేసింది.

తంగపాండి తాడు కింద పడింది. అది పడిన సంగతి కూడా అతనికి తెలీదు, రెండు చేతులతో ఫోను నొక్కుతున్నాడు. "నాది అమ్మాల, మొదట నాది అమ్మాల" అని గొణుక్కుంటూ వీధిలోకి పరిగెత్తాడు. మార్కెట్టు మూసేశాక ఎవరికి అమ్ముతాడో మరి.

మర్నాడు పొద్దుటికి సంగతి వీధంతా తెలిసిపోయింది. అందరూ అమ్మేవాళ్లే, కొనేవాడు లేడు. షేరు ఎంత ఎక్కిందో అంతా దిగడం మొదలుపెట్టింది. దిగేదానికి కూడా ఒక సర్క్యూట్ ఉంటుందట, ఆ పేరు కూడా మా ముసలమ్మలు నేర్చుకున్నారు. మా మేకలు తిరిగి రాలేదు. కుళాయి దగ్గర ఉషా సంగవీ "నీళ్లు వచ్చాయా" అని ఒకరినొకరు అడగడం మళ్లీ మొదలైంది. రాసాత్తి మాత్రం ఎప్పటిలాగే పొద్దున పాలిచ్చింది.

మా ఆవిడ కడవని తలకిందులు చేసి చిల్లి చూసింది. తర్వాత వంటింటి మూల సంచెడు ఉల్లిపాయల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు గురించి నేను రాయను. ఆ వారమంతా వరుసలో కడవ బదులు నేనే నిలబడ్డాను.

ఆదివారం ఉల్లిపాయల సాంబారు చేసింది. షేర్లు కొని మునిగిన వీధివాళ్లందర్నీ పిలిచింది. పాండీ ఆకు ముందు దర్జాగా కూర్చున్నాడు.

"చూడండి, ఒక ఆవుని కాపాడినాను, ఒక కంపెనీని పట్టుకున్నాను. అంతా ఈ బుర్రలోనుంచి వచ్చిందే" అని నుదురు తట్టుకుని, మూడోసారి సాంబారు వడ్డించుకున్నాడు. ఒక ఉల్లిపాయ వేళ్లతో పట్టుకుని భూతద్దం కింద పెట్టాడు.

"బావా, ఇన్ని ఉల్లిపాయలు నీకు యాడివి?"

"జ్వాలామణి కంపెనీ ఇచ్చిందిరా."

"ఆ కంపెనీ ఎవరికీ పైసా ఇయ్యలేదు. నీకేమిటికి ఇచ్చింది?"

"నీకు బదులు" అన్నాను. "తిను."